వాన లేని రోజున తడిసిన బాల్కనీ

ముప్పై ఏళ్లకు పైగా నేను గాలిలోంచి నీళ్లు పిండాను. జీతం పుస్తకంలో మాత్రం ‘ఎయిర్ కండిషన్ ప్లాంట్ ఆపరేటర్’ అని ఉండేది. అబిడ్స్‌లో మా టాకీసుకు వచ్చే జనానికి చల్లగాలి ఒక్కటే తెలుసు. ప్లాంట్ గది వెనక సందులోకి పెట్టిన డ్రెయిన్ పైపు సంగతి ఎవరికీ పట్టేది కాదు. ఆగస్టులో హౌస్‌ఫుల్ ఆట నడుస్తుంటే ఆ పైపు కింద పెట్టిన బకెట్ చూస్తుండగానే నిండేది. సందు మొదట్లో పూలమ్మే ఆవిడ ఆ నీళ్లే మల్లెపూల మీద చల్లుకునేది. “ఏసీ నీళ్లు సారూ, పొద్దుగూకే దాంక పూలు వాడవు” అనేది. ఏసీ నీళ్లకు ప్రత్యేకంగా ఏ మహిమా లేదని తెలిసినా నేను కాదనలేదు.

ఇప్పుడు ఈ పనిలోకి వచ్చే పిల్లలు నన్ను అడిగేది ఒకటే, “ఎంత చల్లగా పెట్టాలి సార్?” అని. నాకు ఒళ్లు మండుతుంది. చల్లదనం ఎవరైనా పెడతారు, స్విచ్ వేస్తే అదే వస్తుంది. గాలిలో ఎంత నీరుంది, ఎంత చల్లబడితే ఆ నీరు బయటపడుతుంది, అది తెలిసినవాడే ప్లాంట్ నడపగలడు. అది పట్టించుకోకుండా స్పానర్ పట్టుకుంటే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. అలా పట్టించుకోకనే ఒక పనిమంతుడి పేరు చెడగొట్టాను. ప్రమోషన్లు, యూనియన్ గొడవలు ఇంకెవరైనా రాస్తారు. నేను ఇది రాస్తాను.

తడిగుడ్డ

మాది మెదక్. మిషన్ వాళ్ల బడిలో ఫిట్టర్ పని నేర్చుకుని, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో హైదరాబాద్ వచ్చి, నాంపల్లి స్టేషన్ వెనక ఒక గది కిరాయికి తీసుకున్నాను. టాకీసులో నా పై అధికారి రామశేషయ్య గారు, బందరు మనిషి. మొదట్లో ఆయన్ని చూసి మేమందరం చాటుగా నవ్వుకునేవాళ్లం. రోజూ గేట్లు తీయకముందు ఆయన రోడ్డు మీదికి వెళ్లేవారు. ఒక చెక్కకు బిగించిన రెండు థర్మామీటర్లను పిడి పట్టుకుని గిరగిరా తిప్పేవారు. రెండింట్లో ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి ఉండేది. పోస్టాఫీసుకు పోయేవాళ్లు ఆయన దిష్టి తీస్తున్నాడనుకుని ఫుట్‌పాత్ దిగి వెళ్లేవారు.

“ఏమోయ్ దేవదానం, నవ్వడం అయిపోతే ఇలా రా. పొడి థర్మామీటర్ ఎంత?”

“నూట అయిదు సార్.” అప్పట్లో అన్నీ ఫారన్‌హీట్ లెక్కలే. అది మే నెల.

“తడిది?”

“డెబ్బై.”

“ముప్పై అయిదు డిగ్రీల తేడా చూశావా? గాలి దాహంతో చస్తోంది. గుడ్డలో నీళ్లన్నీ తాగేస్తోంది, తాగుతూ బుడ్డిని చల్లబరుస్తోంది. అందుకే ఈ నెలలో మీవాళ్లు వట్టివేళ్ల తడికల మీద నీళ్లు కొడితే ఇల్లు చల్లబడుతుంది.”

ఆగస్టులో మళ్లీ పిలిచారు. పొడిది ఎనభై రెండు, తడిది డెబ్బై ఆరు. “ఇప్పుడు గాలికి కడుపు నిండిపోయింది. తడికలు తడిపితే ఉక్కపోతే మిగుల్తుంది. ఇదే గాలిని చల్లబరుస్తూ పో. డెబ్బై నాలుగు దగ్గర ఇక మొయ్యలేక నీళ్లు దించేస్తుంది. ఆ అంకే డ్యూ పాయింట్. దానికన్నా చల్లగా ఉన్నది ఏది తగిలినా దాని మీద నీళ్లు పడతాయి. గ్లాసైనా, గోడైనా, నా బట్టతలైనా.”

తేమ శాతాల గురించి అడిగితే ఆయన విసుక్కునేవారు. “శాతం పొద్దున ఒకటుంటుంది, మధ్యాహ్నం ఒకటుంటుంది. గాలిలో నీళ్లు అన్నే ఉన్నా, ఎండెక్కితే శాతం పడిపోతుంది. డ్యూ పాయింట్ అలా కాదు. నీళ్లు పెరిగితేనే అది పెరుగుతుంది, తగ్గితేనే తగ్గుతుంది. నువ్వు దాన్ని నమ్ముకో.”

రెండేళ్లు రోజూ ఆ అంకెలు రాశాను. అంతలో ఆయనకు విశాఖపట్నంలో ఒక కోల్డ్ స్టోరేజీలో పని దొరికి వెళ్లిపోయారు. ప్లాంట్ నా చేతికొచ్చింది. వారం తిరక్కుండానే థర్మామీటర్ల చెక్కను పెట్టెలో పెట్టేశాను. రోడ్డు మీద నిలబడి తిప్పడం నాకు నామోషీగా ఉండేది.

మూడో వరస

టాకీసు యజమాని కిషన్‌లాల్ సేఠ్. పాతకాలం నుంచి ఈ ఊళ్లో వ్యాపారం చేసిన కుటుంబం. మంచి మనిషే గానీ చల్లదనం పిచ్చి. “దర్వాజ తియ్యంగనే మొఖానికి ఠండా కొట్టాలె దేవదానం. బాల్కనీల కూసున్నోళ్లు శాలువ కప్పుకోవాలె” అనేవాడు. ‘అంత చలి అక్కర్లేదు సేఠ్, తేమ తీస్తే చాలు’ అని నేను చెప్పవలసింది. ఆయన మెప్పు కోసం నోరు మూసుకున్నాను. యజమానికి తెలియని సంగతి చెప్పడం కూడా మన ఉద్యోగంలో భాగమే, అది నాకు ఆలస్యంగా తెలిసింది.

ప్లాంట్ నా చేతికొచ్చిన ఏడాది ఎండాకాలం చివర్లో బాల్కనీకి ఇంకో గాలి గొట్టం వేశాను. హాలు లోపలి సీలింగుకూ పైన అసలు స్లాబుకూ మధ్య మనిషి వంగి నడిచేంత జాగా ఉంది. చల్లగాలి రేకు గొట్టాలన్నీ అందులోంచే పోతాయి. గొట్టం చల్లదనం బయటి గాలికి తగలకుండా చుట్టూ బెండు పలకలు అతికించి ఉంటాయి. నేను రెండు మూరల పొడవున ఆ పలకలు కోసేసి, కొత్త గొట్టం కలిపాను. శుక్రవారం కొత్త బొమ్మ విడుదల. పలకలు మళ్లీ అతికించే తీరిక లేక గోనెపట్టా చుట్టి తాడు కట్టాను. అతుకు దగ్గర కొంచెం చల్లగాలి పైకి చిమ్ముతున్నా వదిలేశాను. తర్వాత చూద్దామనుకున్నాను. ఆ తర్వాత అన్నది ఏడాదికి గానీ రాలేదు.

అదే ఎండాకాలంలో పైన డాబాకు కొత్త గచ్చు వేశారు. వేసింది నాంపల్లి సుతారి నర్సయ్య. తాపీ పనివాణ్ని మా వైపు సుతారి అంటారు. యాభై దాటినవాడు, తక్కువ మాటలవాడు. డంగు సున్నం, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి పరిచి, ఆడకూలీల చేత వరసగా చెక్కలతో రోజుల తరబడి కొట్టించాడు. గచ్చు ఆరేదాకా సేఠ్‌ని కూడా చెప్పులతో పైకి రానివ్వలేదు. అబిడ్స్ నుంచి కాచిగూడ దాకా అతను వేసిన డాబాలున్నాయి, ఒక్కటీ కారలేదని చెప్పుకునేవారు.

జూలైలో బాల్కనీ మూడో వరస మీద చుక్కలు పడ్డాయి. ఒక వకీలు గారి భార్య మెడ మీద చల్లటి చుక్క పడి ఆమె కెవ్వుమంటే, తెర మీద ఏడుపు సీనులో హాలంతా నవ్వింది. సేఠ్ నన్ను పిలిపించాడు.

“ప్లాంటుదా, డాబాదా?”

“డాబాదే సేఠ్,” అన్నాను.

నిచ్చెన ఎక్కి చూడలేదు. వానాకాలం, కొత్త గచ్చు, కింద చుక్కలు, ఇంకేం చూడాలి? ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను చేసిన తప్పులన్నిట్లోకీ పెద్దది ఆ ఒక్క మాటే.

నీళ్లు కట్టడం

నర్సయ్య వచ్చాడు. డాబా అంతా తిరిగి, వంగి చేత్తో తడిమి చూశాడు.

“సారూ, మూడు దినాలసంది వాన లేదు. నిన్న కారింది అంటున్రు. వాన లేనిది డాబా ఎట్ల కారుతది?”

నా దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది. తెలివైన మాట అనుకుంటూ చెప్పాను. “గచ్చు పాత వాన నీళ్లు తాగి పెట్టుకున్నది నర్సయ్యా. గవే ఇప్పుడు మెల్లగ దిగుతున్నయి.”

అతను సేఠ్ వైపు తిరిగాడు. “నీళ్లు కట్టుర్రి. డాబా నిండ కట్ట కట్టి మూడు దినాలు నిలబెట్టుర్రి. ఒక్క సుక్క కిందికి దిగితే నేను మల్ల తాపీ పట్ట.”

సుతార్లలో అది మామూలు పరీక్షే. గచ్చు అయ్యాక అంచుల్లో మట్టికట్ట పోసి నీళ్లు నింపుతారు, కింద తడి కనిపించకపోతే పని ఒప్పుకున్నట్టు. తాపీ పట్టనని ఒట్టు పెట్టుకోవడం మాత్రం మామూలు కాదు. పని కోసం సుతార్లు నిలబడే నాంపల్లి అడ్డా నుంచి ఇద్దరు పెద్ద సుతార్లు సాక్షులుగా వచ్చారు. మూడు రోజులూ కాంపౌండు బావి నుంచి నీళ్లు మోయించి నింపారు. వాన పడలేదు, పైన ఎండ కాస్తోంది, కింద హౌస్‌ఫుల్ ఆటలు నడుస్తున్నాయి.

రెండో రోజు మ్యాట్నీలో మూడో వరస, నాలుగో వరస, అయిదో వరస తడిశాయి. అంతకుముందు ఎన్నడూ అంత కారలేదు.

నర్సయ్య నిచ్చెన ఎక్కి స్లాబు కింద జాగాలోకి వచ్చాడు. టార్చి నేనే పట్టాను. స్లాబు అడుగున బొట్లు బొట్లుగా నీళ్లున్నాయి. అతను ఒక బొట్టు వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాడు.

“ఇవి నా గచ్చులకెల్లి దిగిన నీళ్లు గావు. దిగితె సున్నం తగుల్తది. ఇవి సప్పగున్నయి.”

నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా. “నాలికె తోని ఇంజనీరింగ్ చేస్తవా నర్సయ్యా?”

కింద ఉన్న సాక్షులు కూడా నవ్వారు. అతను దిగి, సంచిలోంచి తాపీ తీసి సేఠ్ బల్ల మీద పెట్టాడు. సేఠ్ “అరే, గట్ల కాదు నర్సయ్యా, జర ఆగు” అంటూనే ఉన్నాడు. అతను ఆగలేదు. అడ్డా మీద ఆ ముచ్చట రెండు రోజుల్లో పాకింది. నర్సయ్య డాబా కారిందట, ఒట్టుకు కట్టుబడి పని వదిలేశాడట అని చెప్పుకున్నారు. ఆ సున్నం గచ్చు తవ్వించి సేఠ్ డాంబరు పరిపించాడు. ఆ ఏడు వానలు తొందరగా వెళ్లిపోవడంతో చుక్కలు ఆగాయి. డాంబరు పని చేసిందని అందరం సంతోషించాం.

ఐసు గ్లాసు

మరుసటి ఏడు ఆగస్టులో మూడో వరస మళ్లీ తడిసింది. వారంగా వాన లేదు. డాంబరు పొడిగా మెరుస్తోంది. ఈసారి సేఠ్ నన్ను అడగడానికి ముందే నిచ్చెన ఎక్కాను, పోయినేడు నేనన్న మాట మీద నాకే అనుమానం మొదలైంది. నేను చుట్టిన గోనెపట్టా పిండితే నీళ్లు కారేంత తడిసి ఉంది.

గంటసేపు అక్కడే కూచున్నాను. కిందికొచ్చి పెట్టెలోంచి థర్మామీటర్లు తీసి, ఐసు పట్టుకుని మళ్లీ పైకెక్కాను. ఆ మధ్యాహ్నం నేను చేసింది మీరూ చేయండి, అందుకే వివరంగా రాస్తున్నాను. మెరిసే స్టీలు గ్లాసులో నీళ్లు పోసి, థర్మామీటర్ పెట్టి, ఐసు ముక్కలు ఒక్కొక్కటే వేస్తూ కలిపాను. గ్లాసు మెరుపు ఎక్కడ మసకబారిందో అక్కడ అంకె చూశాను. డెబ్బై రెండు. అది ఆ జాగాలోని గాలి డ్యూ పాయింట్. నిండిన హాలులో జనం ఊపిరి, చెమట, వెంటిలేటర్లలోంచి వచ్చే వానాకాలం గాలి, అన్నీ కలిసి ఆ అంకె. తర్వాత ఇంకో థర్మామీటర్‌ను కిటికీ అద్దాల లప్పంతో స్లాబు అడుగున, నా అతుకు పక్కన అంటించాను. పైన ఎండ కాస్తుండగా డెబ్బై ఎనిమిది. స్లాబు పొడిగానే ఉంది, కారుతున్నది నా గోనెపట్టా.

మరి నీళ్లు కట్టిన రోజు స్లాబు ఎందుకు తడిసింది? మేస్త్రీలెవరినీ పిలవకుండా, నా అతుకు పైభాగంలో డాబా మీద మంచం అంత మేర మట్టికట్ట వేసి నీళ్లు పోశాను. రెండో రోజు మధ్యాహ్నానికి కింద థర్మామీటర్ అరవై ఎనిమిదికి దిగింది. పైనున్న నీళ్లు ఎండను స్లాబు దాకా రానివ్వడం లేదు, ఆవిరవుతూ దాన్ని చల్లబరుస్తున్నాయి. కింద నా అతుకులోంచి చల్లగాలి దాని మీదికే చిమ్ముతోంది. డెబ్బై రెండు కన్నా కిందికి దిగిన స్లాబు అడుగంతా చెమటలు పోసింది. పైనుంచి ఒక్క చుక్క దిగలేదు. ఆ పరీక్షలో ఎంత మంచి గచ్చయినా ఓడిపోయేది.

తవ్విన సున్నం పెళ్లలు డాబా మూల ఇంకా పడి ఉన్నాయి. ఒక పెళ్ల నీళ్లలో నానబెట్టి, మర్నాడు ఆ నీళ్లు నాలుక మీద వేసుకున్నాను. చురుక్కుమంది. స్లాబు కింది బొట్టు వేసుకున్నాను. చప్పగా ఉంది. సీలింగు పైన ఒక్కణ్నే కూచుని సిగ్గుతో చచ్చిపోయాను.

నలుగురి ముందు

నర్సయ్య నాంపల్లి గూడ్స్ షెడ్డులో బస్తాలు మోస్తున్నాడు. తువ్వాలు తలకు చుట్టుకుని, వీపు మీద బస్తాతో వస్తున్నవాణ్ని చూసి మొదట పోల్చుకోలేదు. బస్తా దించేదాకా ఆగి అంతా చెప్పాను, గోనెపట్టా దగ్గర్నుంచి నాలుక దాకా.

“తప్పు నాది అన్నా. నీ డాబా కారలేదు.”

“నీకు ఎప్పుడెర్క అయింది?”

“నిన్న.”

“నాకు గా దినమే ఎర్క.” తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “నాకు ఎర్క ఉన్న ముచ్చట నాకు చెప్పెతందుకు ఇంత దూరం వచ్చినవా సారూ? ఎర్క లేనోళ్లకు చెప్పు పో.”

ఇంకో బస్తా కోసం వెళ్లిపోయాడు.

ముందు సేఠ్‌కు చెప్పాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఆయన కుర్చీలోంచి లేచి, “మంచి డాబా తవ్విపిచ్చినవు గదా నాతోని!” అని అరిచాడు. అరిచి అరిచి కూచున్నాడు. “మల్ల ఇప్పుడేం జేస్తవ్?” అన్నాడు.

“రేపు పొద్దున అడ్డా మీదికి పోతా సేఠ్. మీరు గూడ రావాలె.”

పొద్దున్నే నాంపల్లి అడ్డాలో సుతార్లు, కూలీలు పని కోసం నిలబడి ఉంటారు. సేఠ్, నేను, ఐసు గోనెసంచి, స్టీలు గ్లాసు. సాక్షులుగా వచ్చిన ఆ ఇద్దరు పెద్దలూ ఉన్నారు. నర్సయ్యకు కబురు పెట్టాను. వచ్చి అందరికీ వెనక నిలబడ్డాడు. గ్లాసులో ఐసు వేసి బయట నీళ్లు పట్టేదాకా చూపించాను. “ఈ గ్లాసుకు చిల్లి ఉన్నదా?” అని అడిగాను. లేదన్నారు. “గా స్లాబుకు గూడ లేకుండె. నేను చల్లగాలి దాని మీదికి వదిలిన. మీరు పైన నీళ్లు కట్టంగనే అది ఇంకింత చల్లబడ్డది. గా నీళ్లు గాలిలకెల్లి వచ్చినయి.”

సాక్షుల్లో ఒకాయన అడిగాడు. “డాబా కారుతుందని చెప్పింది నువ్వే గద సారూ?”

“ఔ. నేనే. చూడకుండ చెప్పిన. నర్సయ్యన్న నాలిక మీద వేసుకుని నిజం చెప్తే నేను నవ్విన. మీరు గూడ నవ్విన్రు.”

ఆ పెద్దాయన వెనక్కి తిరిగి నర్సయ్య దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేశాడు. “ఒట్టు నీది చెల్లదు నర్సిగా. అబద్ధం మీద పెట్టిపిచ్చిన ఒట్టు” అన్నాడు. సేఠ్ అందరి ముందూ డాబా మళ్లీ వేయమని అడిగాడు. నర్సయ్య వెంటనే ఒప్పుకోలేదు.

“ముందుగాల కింది పని గానీయుర్రి. అది సక్కగైనంక నేను చూస్త. చూసినంకనే పైన చెయ్యి పెడ్త.”

వారం రోజులు పట్టింది. అతుకు విప్పి, రేకు మళ్లీ బిగించి, కొత్త బెండు పలకలు తెచ్చి, తారు పూసి అతికించాను. నా చేతుల మీద అంత శ్రద్ధగా ఎప్పుడూ పని చేయలేదు. వెంటిలేటర్లకు మూతలు పెట్టాను. సేఠ్‌కు ఇష్టం లేకపోయినా హాలు నాలుగు డిగ్రీలు వెచ్చగా పెట్టి, తేమ బాగా లాగాను. శాలువ అడిగినవాళ్లు లేరు గానీ, ఉక్కపోస్తోందని లేచిపోయినవాళ్లు కూడా లేరు. మళ్లీ రోజూ రోడ్డు మీద నిలబడి థర్మామీటర్లు తిప్పాను, ఉద్యోగం మానేదాకా మానలేదు.

నర్సయ్య ఒక ఆదివారం మ్యాట్నీ నడుస్తుండగా వచ్చాడు. హాలు నిండా జనం. నిచ్చెన ఎక్కి, వంగుకుంటూ గొట్టం మొదటి నుంచి చివరిదాకా అరచేత్తో తడుముతూ పోయాడు. టార్చి పట్టుకుని నేను వెనకే పాక్కుంటూ వెళ్లాను. కింద తెర మీద ఎవరో పాడుతున్నారు. ఒక పలక దగ్గర అతని చెయ్యి ఆగింది. అరచెయ్యి బోర్లించి కాసేపు అలాగే ఉంచాడు.

“గీడ సల్లగ తగుల్తుంది సారూ. సందు ఉన్నది. తీసి మల్ల పెట్టు.”

నేను థర్మామీటర్ తీయలేదు, ఎందుకని అడగలేదు. ఉలి తెచ్చుకుని ఆ పలక ఊడదీశాను. అతుకు కింద సన్నటి సందు ఉంది. నేను దాన్ని పూడ్చి, పలక మళ్లీ అతికించేదాకా నర్సయ్య టార్చి పట్టుకుని కూచున్నాడు.